పదకొండో ముక్క

పదకొండు కావస్తోంది. ముత్యాలరాజు రాడు, అప్పాయమ్మగారు అరుగు దిగరు. ఈ ఇద్దరిలో ఏ ఒక్కరు నాగదుర్గ మాట విన్నా ఈ పూటకి గండం గడిచేది. పోస్టు ముత్యాలరాజు పెందలాడే వచ్చి ఆ ప్యాకెట్లేవో చేతిలో పెట్టి పోయినా సరే, అత్తగారు ఒక్క పావుగంట లోపలికెళ్ళి నడుం వాల్చినా సరే. ఏదీ జరగదు. గుమ్మంలో కూర్చుని ఫోను చూస్తే ఏడు ప్యాకెట్లూ డెలివరీకి బయల్దేరాయని ఉంది. బయల్దేరి గంటన్నర. రాజోలు నుంచి ఈ కాలవగట్టుకి నడిచొచ్చినా ఇంతసేపు పట్టదు, కానీ ముత్యాలరాజు దారిలో ప్రతి గుమ్మం దగ్గరా బండాపి కుశలాలు అడుగుతాడు, టీ అంటే కాదనడు, కొబ్బరి ధర ఎంత పలికిందో కనుక్కోనిదే బండి తీయడు. మామూలు రోజుల్లో ఆ మంచితనమే ముచ్చటగా ఉండేది, ఇవాళ ఒళ్ళు మండుతోంది. అత్తగారేమో కాళ్ళు చాపుకుని, ఒళ్ళో పత్తి పెట్టుకుని, వత్తి మీద వత్తి చేస్తూ వీధివైపే ముఖం పెట్టి కూర్చున్నారు. ఆపరేషను చేయించుకున్న కన్ను మసక, చేయించుకోని కన్ను చీకటి, అయినా వీధిని చూడటం మానరు.

"ఎండెక్కుతోందండి అత్తయ్యగారూ, లోపలికి పదండి."

"ఈ కార్తీకం ఎండ నన్నేం చేస్తదే. ఉండనీ."

ఉండనీ. ఈ ఇంట్లో ఆ మాట తర్వాత ఇంకో మాట ఉండదు. నాగదుర్గ మళ్ళీ ఫోను చూసింది, చూసి బోర్లా పెట్టింది. ఆ ఏడు ప్యాకెట్లలో వస్తున్నది ఈ మనిషి చీరే. చీర కాదు, ముక్కలు. పోయిన నెల దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ పోస్టు చేసిన ముక్కలు, ఇప్పుడు ఊరూరి నుంచీ మాకొద్దంటూ తిరిగొస్తున్నాయి. ఆ సంగతి ఈవిడకి తెలియకూడదు. అంతే, ఇంకేం అక్కర్లేదు. ఆ బొంతల గుంపులోంచి తీసేస్తే తీసేశారు, పరువు పోతే పోయింది, తన చీర మైలగుడ్డని పన్నెండు మందిలో అన్నారని మాత్రం ఈవిడ చెవిన పడకూడదు. నిన్న మూడొచ్చినప్పుడు అదృష్టం బాగుండి అత్తగారు స్నానాల గదిలో ఉన్నారు, వాటిని తీసుకెళ్ళి బియ్యం డ్రమ్ము వెనక దోపింది. అదృష్టం రెండు రోజులు వరసగా రావడం ఈ ఇంటి చరిత్రలో లేదు.

అసలు గుంపులో చేరకపోయినా బాగుండేదేమో. కాదు, అలా అనుకోవడం అబద్ధం. పన్నెండు మంది ఆడవాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, వాట్సాప్‌లో పేరు 'ముక్కకి ముక్క'. ఒక్కొక్కరూ ఒకే మాదిరి బొంత ముక్కలు పదకొండు కుట్టి మిగతా పదకొండు మందికీ పోస్టులో పంపాలి, తనకోటి ఉంచుకోవాలి, అప్పుడు ప్రతి మనిషి దగ్గరా పన్నెండు చేతుల పని చేరుతుంది, దాన్ని కలిపి బొంత చేసుకోవాలి. మొదటిసారి విన్నప్పుడు నాగదుర్గకి అది వరసగా ఇళ్ళకి వాయనాలు ఇచ్చిపుచ్చుకున్నట్టే అనిపించింది. మొగుడు బాబ్జీ మాత్రం కొబ్బరికాయల లెక్క ఆపి మరీ నవ్వాడు, గుడ్డముక్కలు పోస్టులో పంపుకునే ఆడాళ్ళని ఇప్పుడే చూడ్డం అన్నాడు. నవ్వనీ. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో తన పేరు మీద పోస్టులో వచ్చినవి రెండే రెండు, ఆధార్ కార్డూ బ్యాంకు కార్డూ. మొదటి విడత గోడబొంతలకి వరసగా పదకొండు కవర్లొచ్చాయి, ప్రతి దాని మీదా నాగదుర్గ గారికి అని రాసి ఉంది, ఒకావిడ అయితే శ్రీమతి అని కూడా పెట్టింది. అవన్నీ కలిపి కుట్టినది హాల్లో గోడకి వేలాడుతోంది. ఆ విడతకి తనూ కొత్తబట్టతోనే కుట్టింది. గోడకి కొత్తది బాగానే ఉంటుంది, గోడకి ఒళ్ళు ఒరుసుకోదు కదా.

రెండో విడత ఉయ్యాల బొంతలన్నారు. గుంపులో ముగ్గురి ఇళ్ళల్లో కోడళ్ళకీ కూతుళ్ళకీ నెలలు నిండుతున్నాయట, మిగతావాళ్ళు ఎవరో ఒక బాలింతకి ఇచ్చుకుంటారట. ఆ మాట చదవగానే నాగదుర్గ ఆలోచించలేదు, ఆలోచించడానికేముంది, తిన్నగా అత్తగారి ట్రంకుపెట్టె దగ్గరికి వెళ్ళింది. ఏడో రూలు చదవలేదా అంటే చదివింది, కొత్త కాటన్ మాత్రమే అని ఉంది, అది గోడబొంతల విడతకి పెట్టిన రూలనుకుంది. పొత్తిళ్ళలోకి కొత్తగుడ్డ ఎవరు వేస్తారు? పురుడు వెళ్ళేదాకా బిడ్డకి పాతబట్టే కదా, అందులోనూ ఎవరి పాతబట్ట పడితే వాళ్ళది కాదు. అప్పాయమ్మగారు తొంభైకి దగ్గరపడిన మనిషి, ఏడుగుర్ని కని ఏడుగుర్నీ బతికించుకున్న మనిషి, ఈ వీధిలో ఎవరికి నెలలు నిండినా ముందు ఈ అరుగు దగ్గరికొచ్చి, పిన్నిగారూ ఒక పాతచీరుంటే ఇప్పించండని అడుగుతారు. ఎన్ని ఉయ్యాలలకి ఎన్ని చీరలిచ్చారో ఆవిడకే గుర్తులేదు. అడిగితే ఆవిడ పెట్టంతా తడిమి తడిమి, ఇది కాదు, ఇది కాదు అంటూ అడుగునుంచి వంగపండు రంగు చీర లాగారు. బండార్లంక నేత. నాగదుర్గ పెళ్ళికి ఆవిడ కట్టుకోవడానికి కొన్నది, ఇరవయ్యేళ్ళు ఉతికితే రంగు సగం పోయి మెత్తదనం మాత్రం మిగిలింది. ఇంత మంచిది ఎందుకండీ అంటే, ఎవరో తెలియని పిల్లలకి కదే, తెలిసినవాళ్ళకైతే ఏదో ఒకటి ఇద్దుం, అన్నారు.  ఏదో ఒకటే తీసుకుని ఉంటే ఇప్పుడు ఇంత బాధ ఉండేది కాదు.

కొయ్యడానికి కూడా చెయ్యి రాలేదు. బొంతకి కొలతేంటి, మామూలుగా చీర మడత పరిచి నాలుగువైపులా కుట్టుకుపోవడమే, ఈ గుంపువాళ్ళకి మాత్రం పన్నెండున్నర అంగుళాలు, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకూడదు. స్నానాల గదికి వేయగా మిగిలిన అడుగు టైలొకటి పెరట్లో పడుంటే కడిగి తెచ్చి, దాన్ని చీర మీద బోర్లించి, చుట్టూ పావంగుళం వదిలి సుద్దతో గీసింది. మధ్యలో చదరంగా చీర, చుట్టూ తెల్ల పంచె పట్టీలు, వాటి చుట్టూ మళ్ళీ చీర అంచు, అచ్చం మండువా లోగిలిలాగ, నడుమ వాన పడే చోటు వదిలి చుట్టూ ఇల్లు కట్టినట్టు. బిడ్డకి ఒరుసుకోకుండా కుట్లన్నీ లోపలి మడతలోకి తిప్పింది. పన్నెండు ముక్కలు, పద్దెనిమిది రోజులు. ఒక్కటి తను ఉంచుకుంది, అది కొడుకు సాయికుమార్‌కి పెళ్ళయి పిల్లలు పుట్టాక సంగతి, వాడింకా కాకినాడలో డిప్లొమా చదువుతున్నాడు, అయినా ఉంచుకుంది.

అప్పుడొచ్చింది ఆ ఫొటో. గుంపులో ఒకావిడ, పేరెందుకులే, తనకొచ్చిన ముక్కని టేబుల్ మీద పెట్టి ఫొటో తీసి దాని మీద ఎర్రటి సున్నా చుట్టి పెట్టింది. సున్నా లోపల ఒక రఫ్పు. గోరంత చోటు. చిరిగిన చోట అప్పాయమ్మగారు తన చేత్తో దారం పోగులు అల్లుకున్న రఫ్పు, అప్పట్లో కళ్ళు బాగుండేవి, వెతికితే తప్ప కనపడదు, ఆవిడెవరో వెతికింది. ఆ చిరుగు ఎక్కడిదో తెలుసా తల్లీ నీకు? వరదొచ్చిన ఏడు, సాయికుమార్ మూడు నెలల గుడ్డు, గట్టు తెగిందని అరుపులు వినపడితే మోకాల్లోతు నీళ్ళలో అందరూ పడవెక్కుతున్నారు, నాగదుర్గకి ఒంట్లో ఓపిక లేదు, పిల్లాణ్ణి అత్తగారే కొంగులో కట్టుకుని ఎక్కారు, పడవ మేకు పట్టుకుని చీర చిరిగింది, ఆవిడ చీర వదిలేసి పిల్లాణ్ణి పట్టుకున్నారు. అది ఆ రఫ్పు. దానికి ఎర్ర సున్నా. ఇదంతా గుంపులో రాద్దామని అరగంట టైపు చేసి, చదువుకుంటే తనకే ఏడుపొచ్చి, మొత్తం కొట్టేసి, సారీ అండి అని రాసి చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. ఆ చేతులెందుకు జోడించిందో ఇప్పటికీ అర్థం కావడం లేదు, తన చేతుల మీద తనే ఒక్కటి వేసుకోవాలనిపిస్తోంది.

ఆ తర్వాత శాంతిగారి గొంతు. గుంపు నడిపేది ఆవిడే, హైదరాబాదు, టైపు చేయరు, అన్నీ వాయిస్ మెసేజులే. హాయ్ అందరికీ, నాగదుర్గ గారూ, మీ స్టిచింగ్ చాలా నీట్‌గా ఉందండి, నో డౌట్, కానీ యూజ్డ్ క్లాత్ అండి, చంటిపిల్లలకి ఇన్ఫెక్షన్ వస్తే ఎవరిది రెస్పాన్సిబిలిటీ, రూల్ నంబర్ సెవెన్ ఒకసారి చూడండి, అందరూ ఎవరి బ్లాక్ వాళ్ళు ఆవిడకి రిటర్న్ చేసెయ్యండి, నెలాఖరులోగా కొత్త క్లాత్‌తో చేసి పంపితే ఈ రౌండులో ఉంటారు, లేదంటే మిగతావాళ్ళ బ్లాక్స్ మీకు రావు. ఎంత మర్యాద. మాట మాటకీ అండీ. కోనసీమలో పుట్టి మర్యాదకి భయపడటం నాగదుర్గకి అదే మొదలు. పదకొండు మందిలో ఒక్కరంటే ఒక్కరు, పోనీలెండి శాంతిగారూ మనమందరం పాతపంచెల్లో పెరిగినవాళ్ళమే కదా అనలేదు. మరి ఎందులో పెరిగారు వీళ్ళు? షోరూము కవర్లలోనా? వీళ్ళ నాయనమ్మలకి చీరలు లేవా? ఒకరి తర్వాత ఒకరు బొటనవేలు బొమ్మ పెట్టారు, దీనమ్మగారొక్కరే ఏమీ పెట్టలేదు, ఆవిడెప్పుడూ ఏమీ పెట్టరు, కె.గంగవరంలో కుట్టు టీచరుగా చేసి రిటైరయ్యారట, అంతకి మించి ఎవరికీ తెలియదు.

"చల్ల తాగుతారా అత్తయ్యగారూ? లోపల కలిపి పెట్టేనండి. వస్తే..."

"ఇక్కడికే తెచ్చియ్యవే."

తెచ్చిచ్చింది. ఏం చేస్తుంది. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని ఆవిడ గుటక గుటకకీ ఆగుతూ తాగుతుంటే, రోజూ అడిగే ప్రశ్న ఇప్పుడు వస్తుందని నాగదుర్గకి తెలుసు.

"నా చీర ఇవాళ ఏ ఊళ్ళో ఉందే?"

చూశారా. నెల రోజులుగా ఇదే. మొదట్లో నిజమే చెప్పింది, గుంటూరు చేరిందండీ, విజయనగరం చేరిందండీ అని, ఊరి పేరు చెప్పగానే ఆవిడ మొహం విప్పారేది. ఆవిడ చూసిన ఊళ్ళెన్ని గనక, ఏడు శనివారాలూ మొక్కుకుని వెళ్ళిన వాడపల్లి, కంటి ఆపరేషనుకి రాజమండ్రి. నా చీర నాకంటే ఘనురాలే అనేవారు. ఆ తర్వాత ఎర్ర సున్నా వచ్చింది, నిజం చెప్పడానికి నోరు రాలేదు, విజయనగరం ఆవిడ మీ ముక్క కళ్ళకద్దుకుందటండీ అని ఒకనాడు నోటికొచ్చింది అనేసింది. ఒకటి చెప్పాక రెండోది సులువు. గుంటూరు ఆవిడ మీ పేరడిగిందండి. విశాఖపట్నం ఆవిడ బీరువాలో దాచుకుందండి. ఆ బీరువా ఆవిడే ఎర్ర సున్నా చుట్టింది. అబద్ధం చెప్పిన ప్రతిసారీ నాగదుర్గకి వాళ్ళ మీద కోపం ఇంకో పిసరు పెరిగేది, ఆ మాటలు వాళ్ళు నిజంగా అనుంటే వాళ్ళ సొమ్మేం పోయేదని. లోపల మిషను మీద కొత్తబట్ట ఉంది, మొన్న అమలాపురం వెళ్ళి తెచ్చింది, పసుపు మీద నీలం పువ్వులు, గంజికి అట్టలా నిలబడుతోంది. నాలుగు రోజులుగా దాని మీద టైలు పెట్టడం, తీసెయ్యడం. కుట్టకపోతే తన పేరు రాసిన కవర్లు ఇంక రావు. కుడితే ఈ చీర మైలదని తనూ ఒప్పుకున్నట్టే. మింగలేదు, కక్కలేదు.

"వాళ్ళిళ్ళల్లోనే ఉందండి. ఎక్కడికెళ్తది." ఖాళీ గ్లాసు అందుకుంది.

కాలవ మలుపులో హారను. ముత్యాలరాజు బండి. నాగదుర్గ గ్లాసు పడేసినంత పని చేసి గేటు దగ్గరికి పరిగెత్తింది, కళ్ళతో సైగ చేసింది, వేలు పెదవి మీద పెట్టింది, తల అడ్డంగా ఊపింది. ముత్యాలరాజు ఆ సైగలన్నీ శ్రద్ధగా చూశాడు. చూసి, అరుగు మీద పెద్దావిడకి వినపడాలని గొంతు పెంచాడు, ఎందుకంటే ఆవిడకి ఊళ్ళ పేర్లు వినడం ఇష్టమని అతనికి తెలుసు, పోయిన విడతలో అలాగే చదివి వినిపించాడు.

"ఆయ్, ఏడండీ అప్పాయమ్మగారూ! ఒకటి గుంటూరండి, ఒకటి విజయనగరమండి, ఇది విశాఖపట్నం, ఇది తెనాలండి..."

"తీసుకురా నాన్నా, ఇలా పెట్టు."

గేటు బయట కవర్ల కోసం చాచిన నాగదుర్గ చేతిని దాటుకుని అతను లోపలికి నడిచాడు. ఏడు కవర్లూ ఆవిడ పక్కన పత్తి మీద పెట్టి, సంతకం నాగదుర్గ చేత పెట్టించుకుని, వస్తానండీ అని ఎదురింటి గేటు ముందు బండాపి మాటల్లో పడ్డాడు. కార్తీకం ఎండలో నిలబడి నాగదుర్గకి చెమట పట్టింది. అప్పాయమ్మగారు ఒక కవరు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. చించలేదు. మీద నుంచే వేళ్ళతో అటూ ఇటూ నొక్కి చూశారు, బియ్యంలో రాయి వెతికినట్టు.

"నా చీరే."

"అత్తయ్యగారూ, అదీ..."

"మూడు నిన్ననే డ్రమ్ము వెనక పెట్టేవు. ఏడూ మూడూ పది. పదకొండోదేదే?"

 ఈవిడకి ఎవరు చెప్పారు? బాబ్జీకి కూడా తెలియదే. ఆవిడ నవ్వారు, ముందర రెండు పళ్ళు లేని నవ్వు.

"కళ్ళు పోయేయి గానీ చెవులున్నాయి కదే నాకు. నిన్న మూడని ముత్యాలరాజు అరవడం, నువ్వు డ్రమ్ము జరపడం స్నానాల గదిలోకే వినపడ్డాయి. వంటింట్లో ఆ హైదరాబాదావిణ్ణి అంత గట్టిగా మాట్లాడిస్తావు, అదీ నాలుగేసి సార్లు. కాలవ అవతలోళ్ళకి కూడా తెలిసుంటది."

"తెలిసి కూడా రోజూ అడిగేరా అండీ ఏ ఊళ్ళో ఉందని?"

"నువ్వు చెప్తుంటే బాగుందే. విజయనగరం ఆవిడ కళ్ళకద్దుకుందన్నావు చూడు, అది మరీ బాగుంది."

"బాధనిపించలేదా అండీ?"

"లేకేం," అన్నారు ఆవిడ. చేతిలో కవరు మాత్రం వదల్లేదు.

ఆ ఒక్క ముక్కతో నాగదుర్గకి ఇన్నాళ్ళూ నొక్కిపెట్టిందంతా ఒక్కసారి పైకి తన్నింది. ఏడుపని మొదలైంది కోపమై తేలింది. ఇంతదాకా తిప్పి పంపారని కోపం, ఇప్పుడు ఒక్కటి తిప్పి పంపలేదని కోపం. పదకొండోది ఎవరి దగ్గరుంది? కవర్లు తిరగేసింది. దీనమ్మగారిది లేదు. తిప్పి పంపడానికి కూడా తీరిక లేదన్నమాట, అంట్లు తోముకునే గుడ్డ చేసి ఉంటుంది, చేసుకోనీ, అడిగి తీరాలి. ఇన్ని రోజులు పదకొండు మందినీ అనలేని మాటలు ఈ ఒక్కావిణ్ణి అందామని ఫోను చేసింది. ఆ విసురుకి స్పీకరు కూడా నొక్కుకుపోయింది.

"ఆయ్, దుర్గగారా అండి. చెప్పండి."

"మా ముక్క మీదొక్కటే రాలేదండి. పంపేరా లేదా అండి?"

"లేదండి."

"మరెప్పుడు పంపుతారండి?"

"పంపనండి."

అందరూ ఎంతో మర్యాదగా తిప్పికొట్టిన వస్తువుని ఒక మనిషి ఇంత మర్యాదగా ఇవ్వనంటోంది. నాగదుర్గ తయారు చేసి పెట్టుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు.

"అదేంటండీ, పాతబట్ట ఉంచుకోవద్దని శాంతిగారు..."

"అన్నారండి. నేనూ విన్నానండి. మా కోడలికి ఆడపిల్ల పుట్టి తొమ్మిదో రోజండి ఇవాళ. కొత్తగుడ్డ ఏది తగిలినా ఎర్రగా కందిపోయి గుక్కపట్టేస్తందండి. మీ ముక్క కిందేసేకే నిద్రపోయింది. ఇప్పుడు పంపమన్నా పంపడానికి లేదండి. పొద్దున్నే తడిపేసింది. ఉతికి దండెం మీద ఆరేసేను, ఆరితే మళ్ళీ వెయ్యాలి. ఏమనుకోకండి. ఎవరి చీరండి అది, మంచి చెయ్యి."

అత్తగారి చీరండి అని నాగదుర్గ చెప్పాలి. ఆ మాట అనేలోగా అప్పాయమ్మగారే ఫోను వైపు వంగి, ఆ దీనమ్మగారికి కనపడుతున్నట్టు తల ఊపుతూ, "నాదేనమ్మా, తడపనీ, తడపనీ," అన్నారు. అవతల ఎక్కడో పిల్ల లేచినట్టుంది, సన్నగా ఏడుపు వినపడింది, ఉంటానండీ అని ఫోను పెట్టేశారు.

పెట్టేయగానే శాంతిగారి వాయిస్ మెసేజొచ్చి పడింది, నాగదుర్గ వేలు తగిలి మొదలైంది కూడా. హాయ్ అందరికీ, నెలాఖరు దగ్గరకొచ్చింది కదా, నాగదుర్గ గారూ, మీ కొత్త బ్లాక్స్ స్టేటస్ ఏంటండీ... దాన్ని ఆపాలి. ఆపలేదు. ఏం చెప్పాలో తర్వాత చూసుకుందాం, చెప్పకపోయినా ఏం కాదు, కాదు, అవుతుంది, ఆ కవర్లు ఇక రావు, అది తలుచుకుంటే ఇప్పటికీ మండుతూనే ఉంది. మండనీ.

"తొమ్మిది రోజుల పిల్లకి ఒక్కటేం సరిపోద్దే?" అప్పాయమ్మగారు ఒళ్ళోని కవరు తీసి మిగతా ఆరింటి మీద పెట్టారు. "రోజుకి పదిసార్లు తడుపుద్ది. ఒకటి ఆరేలోపు ఇంకోటుండద్దా? ఆ డ్రమ్ము వెనకవి కూడా పట్రా. పదీ ఒకే సంచీలో కట్టు. పిలువు, ముత్యాలరాజు వెళ్ళిపోతాడు."

ఎదురింటి దగ్గర బండి స్టార్టయింది. ఫోనుని అరుగు మీద దానంతట దాన్ని మాట్లాడుకోనిచ్చి, కొంగు బొడ్లో దోపుకుంటూ నాగదుర్గ వీధిలోకి పరిగెత్తింది.

"ముత్యాలరాజు గారూ! ఉండండి, ఉండండి, ఒక పార్సిలుంది!"